మంత్రగత్తెల పాలిటి సమ్మెట

ఊరి చివర ఒంటరిగా బతికే ముసలమ్మ. పక్కింటి పాడి ఆవు ఉన్నట్టుండి చచ్చిపోయింది. ఎదురింటి పిల్లకు జ్వరం తగ్గలేదు. అందరి వేళ్లూ ముసలమ్మ వైపే తిరిగాయి. ఇది మెదక్ పల్లెల్లోనో విశాఖ మన్యంలోనో జరిగిందనుకుంటే పొరపాటు. నాలుగు వందల ఏళ్ల కిందట జర్మనీలో, స్కాట్లాండులో ఊరూరా నడిచిన తంతు ఇది.

1486లో జర్మనీలోని స్పేయర్ పట్నంలో లాటిన్ భాషలో ఒక పుస్తకం అచ్చయింది. పేరు 'మాలియస్ మాలెఫికారం'. మంత్రగత్తెల పాలిటి సమ్మెట అని అర్థం. రాసినవాడు హెన్రిక్ క్రామర్ అనే మతాధికారి. అంతకు ముందు ఏడాదే ఇతను ఇన్స్‌బ్రుక్‌లో కొందరు ఆడవాళ్లపై విచారణ నడిపి, అడగరాని ప్రశ్నలు అడిగాడు. అక్కడి బిషప్పుకే ఒళ్లు మండి, ఊరు విడిచి పొమ్మన్నాడు. అలా పరువు పోగొట్టుకుని వచ్చినవాడు రాసిన పుస్తకమది!

ఆడవాళ్లకు బుద్ధి తక్కువ గనుక సైతానుకు తేలిగ్గా లొంగుతారట. పట్టుకున్న మనిషి కన్నీరు పెట్టకపోతే మంత్రగత్తె అని గుర్తు. పెడితే అది దొంగ ఏడుపు కావచ్చు. ప్రాణం తీయనని మాటిచ్చి నిజం చెప్పించి, తరువాత మాట తప్పినా న్యాయాధికారికి దోషం లేదట. ఇక తప్పించుకునే దారేది? రెండు వందల ఏళ్లలో ఈ పుస్తకం సుమారు ముప్పై సార్లు అచ్చయింది.

పాపమంతా పుస్తకానిదే అనడానికీ లేదు. పంటలు పోయిన ఏళ్లు, తెగుళ్లు, ఇరుగుపొరుగు తగాదాలు నిప్పు రాజేశాయి. చిత్రహింసలకు తాళలేక ఒకామె నలుగురి పేర్లు చెబితే, ఆ నలుగురు మరో పదిమందివి చెప్పారు. ఐరోపాలో నలభై నుంచి అరవై వేల మందిని చంపారని చరిత్రకారుల అంచనా. నలుగురిలో ముగ్గురు ఆడవాళ్లే.

గ్రహాల నడకను లెక్కగట్టిన కెప్లర్ పేరు బడి పిల్లలకూ తెలుసు. అతని తల్లి కాథరీనాకూ ఈ గతి తప్పలేదు. ఆమె ఇచ్చిన పానీయం తాగి జబ్బుపడ్డానని 1615లో ఒక ఊరామె ఆరోపించింది. 1620లో డెబ్బై దాటిన ఆ ముసలితల్లిని అరెస్టు చేసి, పద్నాలుగు నెలలు సంకెళ్లలో ఉంచారు. కొడుకు పనులన్నీ మాని వచ్చి, ప్రతి ఆరోపణకూ సహజ కారణం చూపుతూ వాదన రాశాడు. చివరికి హింసించే పరికరాలు చూపి బెదిరించినా ఆమె చేయని తప్పు ఒప్పుకోలేదు. 1621లో వదిలారు. మరుసటి ఏడాదే కన్నుమూసింది. కొడుకు అంతటివాడైతేనే ఇంత జరిగింది. ఎవరూ లేని ముసలమ్మల సంగతి చెప్పాలా?

స్పెయిన్‌లో మాత్రం ఒక న్యాయాధికారి తీరు వేరు. సలజార్ అనే ఆయన 1611లో పల్లెపల్లెకూ తిరిగి వందలమందిని విడివిడిగా అడిగాడు. మంత్రపు లేపనాలని తెచ్చిన వాటిని పరీక్ష చేయించాడు. అన్నీ ఉత్తవే. ఆయన నివేదికలతో 1614లో కొత్త నిబంధనలు వచ్చాయి. అక్కడి మత న్యాయస్థానం ఇలా కాల్చి చంపడం ఆగిపోయింది.

తెలుగు పల్లెల్లో ఇలాంటి పుస్తకం లేదు. బాణామతి, చేతబడి, చిల్లంగి అనే మాటలున్నాయి. మంత్రం చదవలేకుండా పళ్లు పీకడం, చెట్టుకు కట్టి కొట్టడం, తగలబెట్టడం జరిగాయి. తీరా చూస్తే కొన్నింటి వెనుక భూమి తగాదాలు. బీహారు 1999లో, ఒడిశా, మహారాష్ట్ర 2013లో ఇందుకోసం ప్రత్యేక చట్టాలు చేశాయి. తెలుగు రాష్ట్రాల్లోనూ అలాంటి చట్టం కావాలని హేతువాదులు ఎన్నాళ్లుగానో అడుగుతున్నారు.

చట్టం వచ్చేదాకా ఆగనవసరం లేదు. ఫలానా మనిషి చేతబడి చేసిందన్న మాట రచ్చబండ మీద వినిపించిన రోజే సర్పంచ్ పోలీసు స్టేషనుకు కబురు చేయాలి. జ్వరం వచ్చిన ఇంటికి భూతవైద్యుడి కన్నా ముందు ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరు వెళ్లాలి. శవం లేచాక జీపు వచ్చి చేసేదేముంది?