వెబ్‌సైట్‌లో పెడితే సరిపోతుందా?

పూర్వం గ్రామాల్లో ముఖ్యమైన కబురుంటే దండోరా వేసేవారు. గడువు ఎప్పుడో, ఎవరిని కలుసుకోవాలో వీధి వీధికీ తెలిసేది. ఇప్పుడు ప్రకటనను వెబ్‌సైట్‌లో పెడితే ఆఫీసు బాధ్యత తీరినట్లే. రైతు రోజూ ఆ వెబ్‌సైట్ తెరచి చూడడు. చూడాలనడం న్యాయమూ కాదు. చివరికి ఎవరో పంపిన వాట్సాప్ కబురే ఆధారం. అందులో చాలాసార్లు తేదీ ఉండదు. నిరుటి ప్రకటన ఈ ఏటిదిగా చలామణి అవుతుంది. దాన్ని నమ్మి, కూలి పోగొట్టుకుని మండల కేంద్రానికి వెళ్లినవారికి బస్సు ఛార్జీలు దండుగ. అసలు ప్రకటన సంగతి తెలిసేసరికి గడువు దాటిపోతుంది.

దీనికి పెద్ద ఖర్చు లేని ఉపాయం పాతికేళ్లుగా ఉంది. దాని పేరు ఫీడ్. అమెరికాలో నెట్‌స్కేప్ సంస్థ 1999లో ఆరంభించిన ఆర్.ఎస్.ఎస్. పద్ధతి ఇదే. వెబ్‌సైట్ తన కొత్త ప్రకటనల జాబితాను ఒకచోట ఉంచుతుంది. శీర్షిక, తేదీ, అసలు ప్రకటన ఉన్న చిరునామా అందులో ఉంటాయి. ఆ జాబితా చిరునామాను ఫోన్‌లోని ఫీడ్ రీడర్ యాప్‌లో ఒక్కసారి చేర్చితే, యాప్ మధ్యమధ్య వెళ్లి చూసి కొత్తవి తెచ్చిపెడుతుంది. పత్రికకు చందాదారుగా చేరినట్లే. కాని ఆఫీసుకు చందా కట్టనక్కరలేదు, ఫోన్ నంబరూ ఇవ్వనక్కరలేదు.

గూగుల్ తన రీడర్‌ను 2013 జూలై 1న మూసివేసినప్పుడు ఫీడ్‌ల పని అయిపోయిందన్నవారున్నారు. అది పొరపాటు. పాడ్‌కాస్టులు నేటికీ వీటి మీదనే నడుస్తున్నాయి. రిజర్వు బ్యాంకు, కేంద్ర ప్రభుత్వ పత్రికా సమాచార కార్యాలయం తమ ప్రకటనలకు ఫీడ్‌లు ఇస్తున్నాయి. అక్కడ సాధ్యమైనది జిల్లా ఆఫీసులకు ఎందుకు కాదు? కాలువకు నీరు వదిలే తేదీ, పంటల బీమా గడువు, మార్కెట్ యార్డు సెలవులు తెలియవలసింది ఇక్కడి రైతులకే గదా!

అయితే ఫీడ్ పెట్టినంత మాత్రాన సరిపోదు. స్కాన్ చేసిన కాగితాన్ని పడేసి, పైన "సర్క్యులర్" అని రాస్తే ఎవరికి అర్థమవుతుంది? ఏ పని, ఎవరికి, ఏ తేదీలోగా అన్నది శీర్షికలోనే తెలుగులో ఉండాలి. తుఫాను, వరద వంటి అత్యవసర హెచ్చరికలకు మాత్రం దీని మీదనే ఆధారపడరాదు. యాప్ వెళ్లి చూసేదాకా కబురు రాదు.

స్మార్ట్‌ఫోన్ లేనివారి మాటేమిటి? పంచాయతీ ఆఫీసులో ఒక ఉద్యోగి ఈ ఫీడ్‌లను రోజూ ఉదయం చూసి, కొత్త ప్రకటనలను తేదీతో సహా బయట నల్లబల్ల మీద రాయాలి. అందుకు పావుగంట చాలు.