సినిమా పాము వేరు, హాస్టల్ పాము వేరు

మన తెలుగువాళ్లకు పాము సినిమాలంటే ఎప్పుడూ మోజే. 1980లో చిరంజీవి నటించిన 'పున్నమి నాగు', 1999లో కోడి రామకృష్ణ తీసిన 'దేవి', 2015లో హిందీలో మొదలైన 'నాగిన్' సీరియల్... ఏది వచ్చినా హాస్టల్ టీవీ ముందు కాలు పెట్టే సందు ఉండదు. వీటిలో మనిషి పాములా మారతాడు, లేదంటే పాము మనిషి రూపమెత్తుతుంది. పగ పడుతుంది, నాగస్వరం వింటే ఊగుతుంది, పాలు తాగుతుంది. సినిమా చూడొద్దని మేము అనడం లేదు. కానీ ఆ పామునే నిజమని నమ్మితే ప్రాణం మీదికొస్తుంది. మా బాధంతా అదే.

పాముకు బయటికి కనిపించే చెవులు లేవు. అది ఊగేది పాటకు కాదు, తన ముందు కదిలే బూరకు. 1954 నాటి హిందీ 'నాగిన్' సినిమాలో అందరికీ తెలిసిన ఆ నాగస్వరం కూడా క్లావియోలిన్ అనే కరెంటు వాయిద్యం మీద పుట్టిందే. పాలు పాముకు ఆహారం కాదు. నీళ్లివ్వకుండా ఎండగడితే దాహానికి పాలైనా తాగుతుంది. పగబట్టి వెంటపడేంత జ్ఞాపకం దానికి లేదు. తొక్కితే భయంతో కరుస్తుంది, అంతే.

వీటన్నిటికంటే ప్రమాదమైనది సినిమా వైద్యం. హీరో గుడ్డ చింపి గట్టిగా కడతాడు, కత్తితో కోస్తాడు, నోటితో విషం పీలుస్తాడు. లేదా మంత్రగాడు పిలిస్తే కరిచిన పామే వచ్చి విషం తీసుకుపోతుంది. నిజానికి గట్టి కట్టు వల్ల కాలు పాడవుతుంది, కోత వల్ల రక్తం పోతుంది, పీల్చితే విషం రాదు. మంత్రం దగ్గర పోయేది విలువైన సమయం.

మన దేశంలో 2000 నుంచి 2019 దాకా పాముకాటుతో సుమారు 12 లక్షల మంది చనిపోయారని 2020లో వచ్చిన ఒక పరిశోధన లెక్కగట్టింది. వారిలో నాలుగో వంతుకు పైగా 15 ఏళ్లలోపు పిల్లలే. 2024లో మన ఉమ్మడి కరీంనగర్ జిల్లాలోని ఒక గురుకులంలో కొద్ది రోజుల తేడాతో ఇద్దరు విద్యార్థులు చనిపోయినప్పుడు కూడా పాముకాటేనని అనుమానించారు. వాళ్లు మనలాంటి పిల్లలే.

మంచాలు లేక కింద పడుకునే మనకు అసలు శత్రువు పడగ విప్పే నాగు కాదు, కట్లపాము. రాత్రి పూట తిరుగుతుంది, నిద్రలో కరుస్తుంది. నొప్పి పెద్దగా ఉండదు, గాటు కూడా సరిగా కనిపించదు. కడుపునొప్పి, రెప్పలు వాలడం, మాట తడబడటం కనిపిస్తే 'నిద్రమత్తు' అని పడుకోబెట్టొద్దు. సినిమాల్లో ఈ పాము పెద్దగా కనిపించదు. అందుకే మనం దీన్ని గుర్తుపట్టం.

పామును మొక్కడం తప్పని కూడా మేము అనం. ఆదిలాబాద్ జిల్లా ఇంద్రవెల్లి మండలం కేస్లాపూర్‌లో ఏటా పుష్య అమావాస్యకు మెస్రం వంశస్తులు నాగోబాను కొలుస్తారు. కాలినడకన గోదావరి జలం తెచ్చి అభిషేకం చేస్తారు. జాతరలోనే గిరిజనుల గోడు వినే దర్బార్ కూడా జరుగుతుంది. అక్కడ నాగదేవత పేరున జనం ఒక్కటవుతారు. సినిమాలో ఆ దేవతే పగబట్టే రాకాసి అవుతుంది. భక్తి మనసుకు, మందు ఒంటికి. రెంటినీ కలపొద్దు.

పాము కరిస్తే చేయాల్సింది ఇంతే: కదలకుండా ఉంచాలి, కరిచిన కాలికో చేతికో కర్ర ఆనించి వదులుగా కట్టాలి, 108కి ఫోన్ చేసి సర్కారు దవాఖానకు తీసుకెళ్లాలి. విరుగుడు మందు అక్కడే ఉంటుంది. పామును చంపి వెంట తీసుకెళ్లే పని లేదు. నాగు, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర నాలుగింటికీ మందు ఒకటే.

ఈ వార్షికోత్సవాన మేము కోరేది పెద్ద కోరికేమీ కాదు. ప్రతి హాస్టల్‌కూ మంచాలు, దోమతెరలు, మరుగుదొడ్ల దారిలో లైటు కావాలి. గోడ మీద 108తో పాటు దగ్గరి దవాఖాన నెంబరు రాయాలి. ఉద్యోగాల్లో స్థిరపడ్డ అన్నలు, అక్కలు తాము చదివిన హాస్టల్‌కు తలా ఒక టార్చిలైటు ఇచ్చినా చాలు. ఇక టీవీలో పాము సినిమా వచ్చిన రోజు, అది అయిపోయాక పెద్ద తరగతుల వాళ్లు చిన్నవాళ్లను కూర్చోబెట్టి పది నిమిషాలు కట్లపాము గురించి చెప్పాలి.