జ్వరాన్ని దాచుకుంటే నష్టం ఎవరికి?

పోయిన వానాకాలం మా అత్తయ్యగారికి ఒళ్ళు కాలిపోయే జ్వరం, దగ్గు. మిరియాల కషాయం ఇచ్చాను, ఆవిరి పట్టించాను. మూడోనాటికి ఆయాసం మొదలైంది. ఆవిడకి షుగరు కూడానూ. ఆసుపత్రిలో చేర్చుకున్నారు. నర్సమ్మ దూది పుల్ల తెచ్చి, "ముక్కులోంచి, గొంతులోంచి శాంపిల్ తీయాలమ్మా" అంది.

నా గుండె గుభేలుమంది. 2020 గుర్తొచ్చింది. వీధికి అడ్డంగా కట్టిన కర్రలు, మొహం తిప్పుకున్న ఇరుగుపొరుగు! "పరీక్షలేం వద్దు" అనేశాను.

డాక్టరమ్మ విసుక్కోలేదు. "అన్నం ఉడికిందో లేదో ఎలా చూస్తారమ్మా?" అనడిగింది. "మెతుకు పట్టుకుని" అన్నాను. "మేం చేసేదీ అదే!" అంది.

దేశంలో అందరి జ్వరాలూ పరీక్షించడం అయ్యే పని కాదు కదా. అందుకని కొన్ని ఆసుపత్రుల్లో కొందరి శాంపిళ్ళు తీసి ల్యాబులకి పంపుతారట. పూణేలోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ వైరాలజీ ఈ పనిలో పెద్ద దిక్కు. 2009లో ప్రపంచాన్ని వణికించిన స్వైన్ ఫ్లూ మన దేశంలో మొదట బయటపడింది హైదరాబాదులోనే. ఆ వైరస్ పోలేదండీ, ఏటా వచ్చే ఫ్లూల్లో ఒకటైపోయింది. 2015లో మళ్ళీ విజృంభించి, దేశంలో 40 వేల మందికి పైగా జబ్బుపడ్డారు. దాదాపు 3 వేల మంది పోయారు. 2023 మొదట్లో ఊరంతా దగ్గుతుంటే, అది హెచ్3ఎన్2 అనే మరో రకం ఫ్లూ అని తెలిసిందీ ఈ శాంపిళ్ళ వల్లే.

ఫ్లూ వైరస్ ఏటికేడాది వేషం మారుస్తుంది. అన్ని దేశాల ల్యాబుల సమాచారం చూసుకుని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫిబ్రవరిలో ఒకసారి, సెప్టెంబరులో ఒకసారి టీకాలో ఏ రకాలుండాలో చెబుతుంది. అందుకే నిరుటి టీకా ఈ ఏటికి చాలదు.

ఇదంతా విని అత్తయ్యగారు మంచం మీంచే, "తీయనీ అమ్మాయ్, ఓ పుల్లకి పోయేదేముంది?" అన్నారు. తీశారు. ఫ్లూ అనే తేలింది. దాని మందు మొదటి రెండు రోజుల్లో పడితే బాగా పనిచేస్తుందట. ఆ రెండు రోజులూ కషాయాలతో గడిపింది నేనే! దేవుడి దయవల్ల పది రోజులకి కోలుకున్నారు.

మన దగ్గర ఫ్లూ వానల్లో ఒకసారి, చలికాలం చివర మరోసారి ఎక్కువవుతుంది. గర్భిణులు, పసిపిల్లలు, పెద్దవాళ్ళు, షుగరు, ఉబ్బసం ఉన్నవాళ్ళు ఇంట్లో ఉంటే మొదటి రోజే డాక్టరుకి చూపించండి. టీకా సంగతీ అడగండి. మందుల షాపులో యాంటీబయాటిక్ కొని వేసేయకండి, అది వైరస్ మీద పనిచేయదు. రోగి గది కిటికీలు తెరిచి ఉంచండి. దగ్గేటప్పుడు చెంగో, చేతిరుమాలో అడ్డం పెట్టుకోమనండి.

శాంపిల్ అడిగితే మాత్రం నాలా భయపడకండి. మెతుకు దాచేస్తే అన్నం సంగతి తెలిసేదెలా, చెప్పండి?