ముప్పావు అంగుళం

ముప్పావు అంగుళానికీ 18 మిల్లీమీటర్లకూ తేడా ఏపాటిదని ఎవరైనా అడిగితే నిరుటి వరకు నవ్వి ఊరుకునేవాణ్ణి.

పుస్తకాల కోసం ఆరడుగుల బీరువా చేయించాలనుకొని, కొలతల లెక్క నేనే వేశాను. ఆరు పలకలు, వాటి నడుమ ఐదు అరలు. పలక ముప్పావు చొప్పున నాలుగున్నర అంగుళాలు పోగా, ఒక్కో అరకు సరిగ్గా పదమూడున్నర. శేషం మిగలని లెక్క చూసి మురిసిపోయాను కూడా. తెచ్చిన ప్లైవుడ్డు 18 మి.మీ.ది, దుకాణంలో దాన్నే ముప్పావు అన్నారు. అంగుళమంటే 25.4 మి.మీ. కనుక అసలు ముప్పావు 19.05. పలకకు 1.05 చొప్పున ఆరింటికి 6.3 మి.మీ. తరుగు. కింది నుండి నేను చెప్పిన కొలతకే అరలు బిగించుకుంటూ వస్తే, పైపలక పక్కచెక్కల అంచుకు పావు అంగుళం దిగువనే ఆగిపోయింది.

"లెక్కలెందుకండీ, పలకనే ఆనించి గీత గీస్తే పోయేది కదా" అన్నాడు వడ్రంగి.

1956 నాటి చట్టం మెట్రిక్ కొలతలను తెచ్చినా మన వడ్రంగులు అంగుళాన్ని విడువలేదు. అది వారి మొండితనమని నేననుకోను. సగం, సగంలో సగం చేసుకుంటూ పోవడం చేతికి సులువు. పదహారో వంతుకు వీసమని మన పాత లెక్కల్లో పేరే ఉంది. కూడికలకు మాత్రం మిల్లీమీటరే మేలు. చిక్కల్లా ఒకే పనిలో రెంటినీ కలపడం, అంతకు మించి అంగడి పేరును కొలతగా నమ్మడం. ఇప్పుడు నేను ముందు పలక మందం కొలిచి, ఆ తరువాతే కాగితం తీస్తున్నాను.

బీరువా నెత్తిన ఆ పావు అంగుళం పల్లంలో దుమ్ము చేరుతోంది. ఆదివారాలు తుడుస్తుంటాను.