తెగిపోని లంకెలు

ఆబ్జెక్ట్ డేటాబేస్‌లో ఒక ఆబ్జెక్టు ఇంకోదాన్ని దాని గుర్తింపు సంఖ్యతో పట్టుకుని ఉంటుంది. ఆ సంఖ్య మారదు. పేరూ వివరాలూ ఎన్నిసార్లైనా మారొచ్చు. లంకె చూపే చోట ఆబ్జెక్టే లేకుండా పోవడం అసలు ప్రమాదం. దాన్ని అడ్డుకునే పద్ధతులనే ఈ సంచికలో పాఠక మిత్రుల ముందు పెడుతున్నాం.

మన రాయలసీమకు ఇది దూరపు సంగతేం కాదు. 2022 ఏప్రిల్ 4న బనగానపల్లె కర్నూలు జిల్లా నుంచి నంద్యాల జిల్లాకు మారింది. ప్రతి సర్వే నంబరు పక్కన ‘కర్నూలు’ అని రాసిపెట్టుకుంటే అన్నీ వెతికి దిద్దాలి. మండలం నుంచి జిల్లాకు లంకె ఉంటే ఒక్కచోట దిద్దితే చాలు. కానీ పాత జిల్లాలోని మండలాల జాబితా? అదీ వెంటనే మారాలి. ఆబ్జెక్ట్ డేటాబేస్‌ల కోసం 1993లో వచ్చిన ఓడీఎంజీ ప్రమాణంలోని విలోమ సంబంధం ఇందుకే: ఒక కొసను మారిస్తే రెండో కొసను డేటాబేసే సరిచేస్తుంది. మామూలు గుణంగా (అట్రిబ్యూట్‌గా) దాచిన లంకెకు ఆ పూచీ లేదు. ఈ తేడాను చాలామంది చూడకుండా దాటేస్తారు.

చెరపడం మరీ చిక్కు. శ్రీశైలం జలాశయంలో కర్నూలు వైపు పల్లెలు మునిగాయి. ఊరు లేదని దాని ఆబ్జెక్టును తీసేస్తే పాత దస్తావేజులన్నీ దిక్కులేనివవుతాయి. దాన్ని ఆనుకున్నవన్నీ చెరిపేయడం ఇంకా ఘోరం. ‘ముంపు గ్రామం’ అని గుర్తుపెట్టి ఉంచడమే మేలని మా అభిప్రాయం. జెమ్‌స్టోన్ లాంటి ఆబ్జెక్ట్ డేటాబేస్‌లలోనైతే, ఏ దారినా చేరలేని ఆబ్జెక్టులు మాత్రమే తొలగిపోతాయి.