నాయకులు చూడవలసిన చోటు

విద్యార్థి నాయకుల పర్యటన అనగానే మన రుఆబాంధా పిల్లలకు గుర్తొచ్చేది భిలాయి ఉక్కు కర్మాగారం. 1959లో తొలి కొలిమి వెలిగిన చోటు, దేశానికి రైలు పట్టాలు అందిస్తున్న చోటు, తప్పక చూడాలి. అయితే ఆ కొలిమికి ఇనుప ఖనిజం పంపిన దల్లీ రాజహరాకు కూడా తీసుకెళ్లాలని నా అభిప్రాయం. తమకు సరైన వైద్యం అందడం లేదని అక్కడి గని కార్మికులు తలా కొంత చందా వేసుకుని, తామే చెమటోడ్చి షహీద్ ఆసుపత్రి కట్టుకున్నారు. అది 1983లో మొదలైంది.

క్లాస్ మానిటర్‌కైనా, హౌస్ కెప్టెన్‌కైనా ఇంతకన్నా మంచి పాఠం ఏముంటుంది? బ్యాడ్జి పెట్టుకోగానే ఆజ్ఞలు వేయడం వచ్చేస్తుంది. పదిమందినీ ఒక పనికి కూడగట్టడం మాత్రం చూసి నేర్చుకోవాలి.

పిల్లలూ, అక్కడికి వెళ్తే పెద్దవాళ్లను ఒక్కటి అడగండి: ఈ మాట మొదట ఎవరు ఎత్తారు, మిగతావాళ్లు ఎందుకు నమ్మారు?