‘కబురు చేస్తాం’ అన్నవారి మౌనం



ఈమధ్య మా సంఘంలోని ఒక యువకుడు గుంటూరు నుండి రాత్రి బస్సెక్కి హైదరాబాదుకు ఇంటర్వ్యూకు వెళ్లాడు. ఉదయం పది గంటలకు రమ్మన్న కన్సల్టెన్సీవారు మధ్యాహ్నం రెండు దాటాక లోపలికి పిలిచారు. అతని రెజ్యూమెను రిక్రూటర్ అప్పుడే మొదటిసారి చూశాడు. ఇంజనీరింగ్ తరువాత రెండేళ్లు ఖాళీ ఎందుకని అడిగాడు. నాన్నగారికి డయాలసిస్ చేయించడానికి ఇంటిదగ్గర ఉండిపోయానని ఇతడు చెబుతుండగానే ఆయన ఫోన్‌లో మాటలు మొదలుపెట్టాడు. పది నిమిషాల్లో “కబురు చేస్తాం” అని పంపించేశాడు. ఐదు వారాలైంది. ఏ కబురూ లేదు.

ఉద్యోగం ఇవ్వకపోవడం తప్పని మేము అనడం లేదు. కేంద్ర ప్రభుత్వ కార్మిక సర్వే ప్రకారం 2023–24లో పదిహేనేళ్లు పైబడిన వారందరిలో నిరుద్యోగం 3.2 శాతం, 15–29 ఏళ్లవారిలో అది 10.2 శాతం. పోటీ ఇంతగా ఉన్నప్పుడు చాలామందికి ‘లేదు’ అనే మాటే దక్కుతుంది. ఆ మాటైనా చెప్పాలి కదా! చాలా కన్సల్టెన్సీలకు కంపెనీ ఇచ్చే సొమ్ము ఉద్యోగంలో చేరినవారి లెక్కనే వస్తుంది. అందుకే మిగిలినవారికి ఒక్క ఫోన్ చేయడం కూడా దండగైపోయింది.

మత్తయి 20వ అధ్యాయంలో ద్రాక్షతోట యజమాని పనివారి కోసం తానే ఐదుసార్లు బయటికి వెళ్లాడు. సాయంత్రం ఐదింటికి ఖాళీగా నిలిచినవారిని చూసి ముఖం తిప్పుకోలేదు. ఎందుకలా నిలిచారని అడిగాడు, వారి జవాబు విన్నాడు, తరువాత పనికి పంపాడు. ఇచ్చిన కూలి గురించి ఎన్నో ప్రసంగాలు చేశాం. ఆ వినడం గురించి చేసినవి తక్కువ.

రిక్రూటర్‌ను తప్పుపట్టి ఊరుకుంటే చాలదు. మన పాఠశాలలు, ఆసుపత్రులు ఎంపిక కానివారికి ఆ సంగతి తెలియజేస్తున్నాయా? ఉద్యోగం వచ్చినవారిని ముందుకు పిలిచి సాక్ష్యం చెప్పిస్తాం. రానివారి మాటేమిటి? ఆ యువకుడు మూడు ఆదివారాలు ఆరాధనకు రాలేదు. ఇంటికి వెళితే, “గుడికొస్తే అందరూ ఉద్యోగం సంగతే అడుగుతారండి, అయ్యగారూ” అన్నాడు. ఆ రెండేళ్లూ అతని తండ్రి కోసం ప్రార్థించాం. కొడుకు ఎలా ఉన్నాడని మేమూ ఒక్కసారి అడగలేదు.

కంపెనీల్లో పనిచేస్తున్న విశ్వాసులారా, ఇలాంటి బిడ్డలతో ఒక గంట కూర్చుని రెజ్యూమె సరిచేయండి, ఇంటర్వ్యూకు సిద్ధపరచండి. మిగిలినవారమంతా ఈ ఆదివారం వారి పక్కన కూర్చుందాం. ‘వచ్చిందా?’ అని కాదు, ‘ఎలా ఉన్నావు?’ అని అడుగుదాం. చెప్పడం ముగిసేవరకు విందాం.